గుర్రపు వెంట్రుకల బ్రష్షు

జనవరి 11, శనివారం
గాలి మైనస్ 9. మంచు మైనస్ 11. నిన్న కురిసిన పొడి మంచు.

ఈ పుస్తకం ముందు నుంచి తిప్పితే మైనం లెక్కలు. వెనక నుంచి తిప్పితే నేను. ఎవరూ చదవరు కాబట్టి సిగ్గు లేకుండా గొప్పలు రాసుకుంటాను.

ఇవాళ స్కీ క్లబ్బు అధ్యక్షుడు హాల్వర్ మైనం గుడిసె తాళంచెవి నా చేతిలో పెట్టాడు. కోత మిల్లులో పలకలు పేర్చే తీరిల్ చేతిలో! జిల్లా రిలేలో మా లోయ అమ్మాయిల స్కీలు బాగా జారేలా ఈసారి అడుగున మైనం పట్టేది నేనే. జట్టులో మూడో పరుగు సిన్నెది. సిన్నె మా ఇంటామె కూతురు, పైవాటాలో ఉంటుంది, నేను కింద నేలమాళిగలో. కబురు విని మెట్లన్నీ దూకుతూ దిగొచ్చి నన్ను ఎత్తి గిరగిరా తిప్పింది. పంతొమ్మిదేళ్ళకే ఎద్దంత బలం.

"ఏయ్, నేను ఓడితే తప్పు నీ మైనానిదే అంటా, గెలిస్తే నా కాళ్ళది అంటా. ముందే చెప్తున్నా" అంది.

"అనవే. ఎలాగూ అందరూ అదే అంటారు."

మూడు చలికాలాల కిందట ఇదే నేలమాళిగలో, బట్టలుతికే గదిలో, ఇస్త్రీ బల్ల మీద స్కీ పెట్టి, బట్టల ఇస్త్రీపెట్టెతో మైనం కరిగిస్తుంటే గది నిండా పొగ. ఇల్లు అంటుకుందని ఇంటామె కేకలు పెట్టింది. దారిన పోతున్న ఎంబ్రెట్ లోపలికొచ్చి చూసి ఇస్త్రీపెట్టె వేడి తగ్గించాడు. "పొగొస్తోందంటే మైనం చస్తోందని అర్థం అమ్మాయ్" అన్నాడు. అంతే, అక్కణ్ణుంచి ఆయన వెంట పడ్డాను. డెబ్భై ఒక్కేళ్ళ పెద్దాయన, కట్టెలు లాగే పని చేసినవాడు. ఆయన షెడ్డులో నేర్చుకున్నదే నాకు తెలిసిన చదువంతా.

మొన్న శరదృతువులో తన గుర్రపు వెంట్రుకల బ్రష్షు నాకిచ్చేశాడు. అడవిలో దుంగలు లాగిన స్వార్టెన్ అనే గుర్రం తోక వెంట్రుకలతో తన చేత్తో కట్టుకున్నది. పిడి మీద కాల్చిన అక్షరాలు రెండు, ఆయన పేరువి. లోయలో ఆ బ్రష్షు తెలియనివాడు లేడు. "మంచి గుర్రం. చావదు" అన్నాడు. రెండు చేతులా అందుకున్నాను.

జనవరి 26, ఆదివారం
గాలి మైనస్ 6. మంచు మైనస్ 8. నలిగిన మంచు, గింజ గింజగా.

సిన్నె స్కీలతో మూడోసారి. రాసుకోవాలి, వచ్చే ఏడు పనికొస్తుంది.

ముందు మెత్తటి మైనం కరిగించి, వేడిగా ఉండగానే గీకేస్తే మురికంతా దాంతో వచ్చేస్తుంది. తర్వాత అసలు మైనం. ఇస్త్రీపెట్టె ఒక చోట ఆగకూడదు, ముందు నుంచి వెనక్కి నడుస్తూనే ఉండాలి. గంట చల్లారనివ్వాలి. ప్లాస్టిక్ పలకతో గీకడం. కంచు తీగల బ్రష్షు పది సార్లు. ఆ తర్వాత గుర్రపు బ్రష్షు, దాన్ని నేను స్వార్టెన్ అనే పిలుస్తాను, యాభై సార్లు. అక్కడే మెరుపు వస్తుంది. పాదం కింద మాత్రం వెనక్కి జారకుండా మంచుని పట్టుకునే పట్టు మైనం, నాలుగు పూతలు పలచగా, ప్రతి పూతా బెండు ముక్కతో రుద్ది వేడెక్కించాలి. పూత మందమైతే మంచు అంటుకుని సిన్నె చెక్కబూట్లేసుకున్నట్టు నడుస్తుంది.

సాయంత్రం ఎంబ్రెట్ షెడ్డుకి వెళ్ళాను. నా బ్రష్షు ఆయన బల్ల మీద పెట్టబోతే, "సంచిలోనే ఉంచు. ఎవరి బ్రష్షు వాళ్ళదే" అన్నాడు. పద్ధతి మనిషి. ఆయన బల్ల మీద అన్నీ కొత్తవే, ఇస్త్రీపెట్టెతో సహా.

వెళ్ళేటప్పుడు అడిగాను. "రిలే రోజు ఎవరైనా వచ్చి ఏం మైనం పట్టావని అడిగితే ఏం చెప్పాలి?"

"అబద్ధం చెప్పాలి."

"మీరడిగితే?"

"నాకూ అబద్ధమే చెప్పు. నీ పుస్తకానికి మాత్రం చెప్పకు."

మైనం గురించి అబద్ధం ఆడటం మా లోయలో తప్పు కాదు. పెళ్ళాం మొగుడికి కూడా చెప్పదు.

ఫిబ్రవరి 1, శనివారం
గాలి మైనస్ 7. మంచు మైనస్ 9.

ఎర్ర దీపం.

సిన్నె ఆరో స్థానంలో రెండో అమ్మాయి చేత భుజం తట్టించుకుని బయల్దేరింది, రెండో స్థానంలో తిరిగొచ్చింది. చివరి అమ్మాయి ఆ రెండో స్థానం నిలబెట్టింది. మా లోయకి పద్దెనిమిదేళ్ళలో ఇదే మొదటి పతకం. నేను గొంతు పోయేలా అరిచాను. తర్వాత తనిఖీ బల్ల. సిన్నె స్కీ అడుగున, నిషేధించిన మైనాన్ని పసిగట్టే యంత్రం మూతి ఆనించారు. ఎర్రది. తుడిచి మళ్ళీ పెట్టారు. ఎర్రది. ఫ్లోరిన్.

జట్టు మొత్తాన్నీ పోటీ నుంచి కొట్టేశారు. నలుగురినీ.

స్కీని గాలిలా జారనిచ్చే ఆ ఫ్లోరిన్ మైనం నేను జన్మలో ముట్టుకోలేదు. నేను మొదలుపెట్టే సరికే దాన్ని తప్పంటున్నారు, రెండు చలికాలాలుగా అసలు నిషేధమే. మట్టిలో కలవదు, నీళ్ళలోంచి పోదు, మనిషి నెత్తుట్లో చేరితే దిగదు. నా దగ్గరెక్కణ్ణుంచి వస్తుంది?

సిన్నె ఏడవలేదు. నా వైపు చూసింది అంతే. ఏడ్చినా బాగుండేది.

ఫిబ్రవరి 2

మంచు చూడలేదు.

ఫిబ్రవరి 4, మంగళవారం

క్లబ్బు సమావేశం. బడి వంటగదిలో. ఎవరో అలవాటుగా వాఫుల్స్ వేశారు, మీద గోధుమ రంగు జున్ను. నన్ను ఉరితీసేటప్పుడు కూడా వీళ్ళు వాఫుల్స్ వేస్తారు.

హాల్వర్: "తీరిల్, ఉన్నదున్నట్టు చెప్పు. పాత ఫ్లోరిన్ పొడి ఎక్కడన్నా దొరికిందా? గెలవాలన్న ఆశ అందరికీ ఉంటుంది, అర్థం చేసుకుంటాం."

"మీరు అర్థం చేసుకోనక్కర్లేదు. నేను వాడలేదు."

"మరి అదెలా వచ్చింది? ఆకాశం నుంచి కురిసిందా?"

"నా పుస్తకం ఉంది. ఏ రోజు ఏది పట్టానో అంతా రాసి ఉంది. చూసుకోండి."

"పుస్తకంలో ఏమైనా రాసుకోవచ్చు" అన్నాడు.

అందరూ ఎంబ్రెట్ వైపు తిరిగారు. ఆయన కమిటీలో ఇరవై ఆరేళ్ళుగా ఉన్నాడు, నాకు నేర్పింది ఆయనే. ఆయన ఒక్క మాటంటే చాలని నేనూ తిరిగాను. కాఫీ కప్పులోకి చూస్తూ, "నేను నేర్పినదాంట్లో ఫ్లోరిన్ లేదు. మిగతాది నాకు తెలియదు" అన్నాడు.

నిజమే కదా. ఆయనకేం తెలుసు. ఉన్నది చెప్పాడు. ఆయన స్థానంలో నేనున్నా అదే చెప్పేదాన్నేమో.

తాళం బల్ల మీద పెట్టమన్నారు. పెట్టాను. జారిపోయి జున్ను పళ్ళెం కింద పడింది. ఎవరూ తియ్యలేదు.

ఫిబ్రవరి 6

మిల్లులో ఒకడు: "ఏం తీరిల్, ఈ పలకలక్కూడా పొడి పూశావా? తెగ జారుతున్నాయి!"

పలక వాడి కాలి మీద వదిలేద్దామనుకున్నాను. వదల్లేదు. చేతి తొడుగులున్నాయి కాబట్టి నా పిడికిలి వాడికి కనబడలేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఇవాళ నేను చేసింది రాయకపోతే ఈ పుస్తకం ఎందుకు.

వారం రోజులుగా ఆలోచించాను. నేను కాదు. అయితే స్కీలు నా చేతి నుంచి వెళ్ళాక ఎవరు ముట్టుకున్నారు? సిన్నె. సిన్నె నాన్న ఒకప్పుడు పోటీలకి వెళ్ళేవాడు, కారు షెడ్డులో ఆయన పాత డబ్బాలున్నాయి. పైకి వెళ్ళి తలుపు కొట్టాను.

"బయల్దేరే ముందు నువ్వేమన్నా పూశావా?"

సిన్నె అర్థం కానట్టు చూసింది. "ఏంటీ?"

"మీ నాన్న డబ్బాల్లోంచి. కొంచెం పొడి. గెలవాలని. చెప్పవే, నేనేం అనను."

హాల్వర్ నాతో మాట్లాడినట్టే మాట్లాడాను. మాట బయటికొచ్చాక తెలిసింది.

"నిన్నందరూ దొంగంటుంటే," అంది మెల్లిగా, "మిల్లు మలుపు దగ్గర ఇద్దరితో గొడవ పడి వచ్చాను నేను. నీ కోసం. ఇక కిందికి పో తీరిల్."

అప్పట్నుంచి పైన అడుగుల చప్పుడు వినిపిస్తుంది, మెట్ల మీద వినిపించదు.

ఫిబ్రవరి 13

గుడిసెలో అందరి సామాన్లూ ఉంటాయి. ఎవడిదో ఇస్త్రీపెట్టె తగిలి ఉండొచ్చు. అవతలి లోయవాళ్ళు కుళ్ళుతో చేసి ఉండొచ్చు. యంత్రమే తప్పయి ఉండొచ్చు.

కానీ మిగతా ముగ్గురివే గుడిసెలో, అక్కడి సామాన్లతో పట్టాను, సిన్నెవి కాదు. ఇక్కడే పట్టాను, నా బల్ల మీద, నా సామాన్లతో. ఇస్త్రీపెట్టె నేను కొత్తగా కొన్నది. పలకా కొత్తదే. కంచు బ్రష్షూ కొత్తదే. ఇక మిగిలింది పెద్దాయన ఇచ్చింది. దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

ఫిబ్రవరి 20, గురువారం
గాలి మైనస్ 3. మంచు మైనస్ 4.

లెక్కలోకి తీసుకున్నాను.

మామూలు మైనం మీద నూనె చుక్క వేస్తే పాకుతుంది. ఫ్లోరిన్ మీద పాకదు, ముడుచుకుని కూర్చుంటుంది. పాత స్కీ ఒకటి బాగా గీకి, ఒకే మైనం పట్టి, సగానికి టేపు అంటించాను. ముందు సగం మీద కొత్త గుర్రపు బ్రష్షు, పట్నం నుంచి తెప్పించింది. వెనక సగం మీద స్వార్టెన్. రెండిటి మీదా వంటనూనె చుక్కలు.

ముందు చుక్క పాకింది. వెనక చుక్క కంటిగుడ్డులా నిలబడి నన్నే చూసింది.

మూడుసార్లు చేశాను. మూడుసార్లూ చూసింది.

ఇది రుజువు కాదు. వంటనూనెతో చేసిన పరీక్ష చూపిస్తే హాల్వర్ దాంట్లో చేపలు వేయించుకోమంటాడు. బ్రష్షులో ఫ్లోరిన్ ఉంటే ఉండొచ్చు. నలభై ఏళ్ళ బ్రష్షు. ఆయనకి తెలిసి ఉండదు.

ఫిబ్రవరి 21

ఆయన అలాంటివాడు కాదు.

ఫిబ్రవరి 22

ఆయన బల్ల మీద అన్నీ కొత్తవి ఎందుకు? నిషేధం వచ్చినప్పుడు అన్నీ పారేశాడు కాబట్టి. పాతవన్నీ. ఒక్కటి తప్ప.

"సంచిలోనే ఉంచు." పద్ధతి అని రాశాను. నేనే రాశాను, జనవరి 26న.

ఆయన అలాంటివాడు కాదు.

ఫిబ్రవరి 25, మంగళవారం

ఎంబ్రెట్ మిల్లు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. శనివారం కొండదారి స్కీ పరుగు. యాభై నాలుగు కిలోమీటర్లు. ఆయనకిది ముప్ఫయ్యోది. ముప్ఫై పూర్తి చేసినవాళ్ళ పేరు గమ్యం దగ్గరున్న దుంగ మీద చెక్కుతారు. ఇప్పటికి ఐదు పేర్లున్నాయి.

"చేతులు వణుకుతున్నాయి అమ్మాయ్. ఇస్త్రీపెట్టె నిలవడం లేదు. నువ్వు పట్టిస్తావా?"

మూడు వారాలుగా నా గడప తొక్కనివాడు. అయినా ఒక్క క్షణం సంతోషమేసింది, ఛీ.

"శుక్రవారం మూడింటికి తీసుకురండి. మీరూ ఉండాలి" అన్నాను.

ఆ పరుగులోనూ తనిఖీ ఉంది, గమ్యం దాటినవాళ్ళందరికీ. ఆయనకి తెలుసు.

ఫిబ్రవరి 28, శుక్రవారం
గాలి మైనస్ 5. మంచు మైనస్ 7. పాత మంచు మీద పలచటి కొత్త పొర.

రాత్రే రాసేస్తున్నాను, అక్షరాలు ఎలా వస్తే అలా.

బల్ల మీద రెండు బ్రష్షులు పక్కపక్కనే పెట్టాను. కొత్తది, స్వార్టెన్. ఆయన మూలనున్న బకెట్ తిరగేసి కూర్చున్నాడు. మైనం కరిగించాను. చల్లారే దాకా ఇద్దరం వాతావరణం గురించే మాట్లాడుకున్నాం. గీకాను. కంచు బ్రష్షు పది సార్లు. తర్వాత చెయ్యి చాచి స్వార్టెన్‌ని తీసుకున్నాను.

"కొత్తది ఉందిగా" అన్నాడు.

"ఇదే మంచిది. మెరుపు దీంతోనే వస్తుంది. మీరే అన్నారు."

"అరిగిపోయింది అది."

"మంచి గుర్రం, చావదు."

స్కీ మీదికి దించాను. తగలడానికి వేలెడు దూరం ఉంది. ఆయన లేచిన వేగానికి బకెట్ దొర్లింది. నా మణికట్టు పట్టుకున్నాడు. వణికే చేతులన్నాడే, ఆ పట్టు వణకలేదు.

"తీరిల్. అది వద్దు."

అప్పటిదాకా ఎక్కడో నాకింకా ఆశ ఉంది. ఆయన అడ్డుపడకూడదని. అలాగే కూర్చుని నన్ను రుద్దనిస్తాడని.

"అంటే తెలుసు" అన్నాను.

మళ్ళీ బకెట్ మీద కూర్చున్నాడు. నేలని చూస్తూ చెప్పాడు. నిషేధం వచ్చినప్పుడు అన్నీ పారేశాడట. ఇది మాత్రం ద్రావకంలో మూడుసార్లు కడిగాడట. పోయిందో లేదో తెలియదట. ఆ గుర్రాన్ని చివరిసారి పట్టుకున్న చేతులతోనే దాని వెంట్రుకల్ని చెత్తలో వెయ్యలేకపోయాడట. దగ్గరుంచుకుంటే భయమట.

"అందుకని నాకిచ్చారు."

"పోయిందనే అనుకున్నా."

"అనుకుంటే మీ బల్ల మీద ఎందుకు పెట్టనివ్వలేదు?"

బూటుకంటిన మైనం గోటితో గీకుతూ కూర్చున్నాడు.

"ఆ రోజు బడి వంటగదిలో ఒక్క మాట చెప్తే సరిపోయేది. బ్రష్షు నాది అని. అంతే."

"ఇరవై ఆరేళ్ళు కమిటీలో ఉన్నా అమ్మాయ్. నిషేధం కావాలని ఊరూరా తిరిగి మాట్లాడినవాణ్ణి. నా నోటితో ఎలా..." ఆగి, తర్వాత ఆ మాటన్నాడు. "నువ్వు చిన్నదానివి. నీకింకా బోలెడు చలికాలాలున్నాయి. నాకు లేవు."

అంటే నావి తీసుకున్నాడు.

సిన్నె గురించి చెప్పాను. తలుపు కొట్టి ఏమన్నానో చెప్పాను. ఆయన ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. ఏడ్చాడేమో, చూడలేదు.

"రేపు చెప్తా" అన్నాడు. "దాటాక మైకు ఇస్తారు. అందరి ముందూ చెప్తా. ముందే చెప్తే బయల్దేరనివ్వరు. ముప్ఫయ్యోది తీరిల్. దాటనివ్వు, చెప్పేస్తా. ఒట్టు."

కొత్త బ్రష్షుతో యాభై సార్లు రుద్దాను. పట్టు మైనం నాలుగు పూతలు. నా జీవితంలో ఇంత బాగా ఏ స్కీకీ పట్టలేదు. ఎందుకో తెలియదు. స్కీల తప్పేముంది.

మార్చి 1, శనివారం
గాలి మైనస్ 6. మంచు మైనస్ 7.

మధ్యాహ్నం రెండున్నరకి దాటాడు. ముప్ఫయ్యోది. తనిఖీలో ఆకుపచ్చ. జనం చప్పట్లు, నారింజ ముక్కలు, వేడి పళ్ళరసం. నేను తాడు పక్కన నిలబడ్డాను. స్వార్టెన్ నా సంచిలో ఉంది. ఎందుకు తెచ్చానంటే, ఆయన చెప్పాక ఆయన చేతికే ఇచ్చేద్దామని. నిజంగా అందుకే.

హాల్వర్ మైకు ఇచ్చాడు. ఆయన ఊపిరి తీసుకుని నా వైపు చూశాడు.

"నా స్కీలకి మైనం పట్టింది తీరిల్" అన్నాడు. "మొన్న జరిగింది అందరికీ తెలుసు. చిన్న వయసులో ఎవరైనా తప్పు చేస్తారు. నేను ఆ పిల్లని నమ్మి నా స్కీలు ఇచ్చాను. మీరూ నమ్మండి."

చప్పట్లు కొట్టారు. ఒకామె కళ్ళు తుడుచుకుంది. ఎంత మంచి మనిషి! నన్ను క్షమించాడు. మైకులో.

హాల్వర్ జనంలోంచి వచ్చి జేబులోంచి తాళం తీశాడు. "పెద్దాయనే అన్నాక ఇంకేముంది. తీసుకో."

నెల రోజులుగా నాకు కావలసింది అదొక్కటే. అరచేతి దూరంలో ఉంది. తీసుకుంటే అయిపోయేది, చిన్న వయసులో తప్పు చేసిన తీరిల్‌గా బతికేసేదాన్ని.

"తనిఖీ యంత్రం ఇంకా పనిచేస్తోందా?" అని అడిగాను.

బల్ల దగ్గరికి నడిచాను. నేను స్కీలు తెచ్చుకోలేదు. ఎవరినైనా అడగాలి. ఎవరిని అడగాలో తెలియక నిలబడితే, పక్కనుంచి ఒక స్కీ ముందుకొచ్చింది. సిన్నె. పట్టుకోమన్నట్టు చాచింది.

యంత్రం పెట్టమన్నాను. ఆకుపచ్చ.

సంచిలోంచి స్వార్టెన్‌ని తీశాను. పిడి మీది అక్షరాలు పైకి కనబడేలా పట్టుకుని ఐదు సార్లు రుద్దాను. ఐదే.

ఎర్రది.

"మళ్ళీ పెట్టండి" అంది సిన్నె. గొంతు పెద్దది దానికి, అందరూ తిరిగారు. మళ్ళీ ఎర్రది.

హాల్వర్ బ్రష్షు వైపు చూశాడు. ఆ అక్షరాల్ని చూశాడు. తర్వాత ఎంబ్రెట్ వైపు చూశాడు. నేనేం మాట్లాడలేదు. మాట్లాడితే ఏడుస్తాను, ఏడుపు వింటే మళ్ళీ చిన్నపిల్లంటారు.

ఎంబ్రెట్ చేతిలో మైకు ఇంకా ఉంది. ఆయన ఊపిరి చప్పుడొక్కటే లోయంతా వినిపించింది.

"ఆ రోజు నా వాటిని ఎన్నిసార్లు రుద్దావ్?" సిన్నె అడిగింది.

"యాభై."

"అబ్బా" అంది.

తాళం నేను తీసుకోలేదు. సోమవారం మళ్ళీ అడుగుతానన్నాడు హాల్వర్. అడగనీ. బడి వంటగదిలో అడగమన్నాను, అందరినీ పిలిచి, నలుగురు అమ్మాయిల్నీ కూర్చోబెట్టి. ఈసారి వాఫుల్స్ నేను వేస్తాను.

మార్చి 2, ఆదివారం
గాలి మైనస్ 2. మంచు మైనస్ 4. తడి పొర.

పొద్దున మెట్ల మీద అడుగుల చప్పుడు. సిన్నె నిన్నటి స్కీతో దిగింది. "దీన్ని నువ్వే పాడుచేశావ్, నువ్వే శుభ్రం చెయ్యి" అని గోడకి ఆనించింది. వెళ్ళిపోతుందనుకున్నాను. బకెట్ తిరగేసి కూర్చుంది.

"ఆ రోజు తలుపు దగ్గర నేనన్నది..." అని మొదలుపెట్టాను.

"గీకు ముందు. గీకుతూ చెప్పు."

గీకుతూ చెప్పాను. మూడుసార్లు కరిగించి మూడుసార్లు గీకాల్సి వచ్చింది. చెప్పడానికి ఆ సమయం సరిపోలేదు. ఇంకా పూర్తిగా మాట్లాడలేదు తను. మాట్లాడకపోయినా కూర్చుంది.

బ్రష్షుని పొయ్యిలో వేస్తే విషం. డబ్బాలో పెట్టి మూతకి టేపు చుట్టాను, ప్రమాదకరమైన చెత్త పడేసే చోట ఇవ్వాలి. ఎంబ్రెట్ మధ్యాహ్నం గేటు దాకా వచ్చి, కిటికీలో మా ఇద్దర్నీ చూసి వెనక్కి తిరిగాడు. నేను లేవలేదు.

ఇప్పుడే పుస్తకం ముందు నుంచి తిప్పి జనవరి పేజీలు తీశాను. "ఎంబ్రెట్ బ్రష్షు: ఇంట్లో అన్నిటికన్నా మంచిది" అని నా చేతిరాతే. కొట్టెయ్యలేదు. ఆ రోజు నేను నమ్మింది అదే. పక్కన ఇవాళ్టి తేదీ వేసి, కింద ఒక్క మాట రాశాను: ఆయనకి తెలుసు.

పుస్తకానికి అబద్ధం చెప్పకూడదని నేర్పింది ఆయనే.